ఒక్క ఆబోతు రాజ్యం

ఒక రాజ్యంలో ఆవులు చాలా ఉండేవి, పాలు కొంచెమే ఉండేవి.

రాజ్యం మరీ పెద్దదేమీ కాదు. పొద్దున్నే చద్దన్నం తిని బయల్దేరినవాడు ఎండ నడినెత్తికి వచ్చేసరికి అవతలి పొలిమేర దాటేస్తాడు. అయినా రాజు రాజే. ఆయనకి కిరీటం ఉంది, గొడుగు ఉంది, గొడుగు పట్టేవాడున్నాడు, పన్నెండు మంది మంత్రులున్నారు. రాజు ఏది అన్నా "అవును ప్రభూ" అనడం ఆ పన్నెండు మంది పని. ఆ పని వాళ్ళు చాలా శ్రద్ధగా చేసేవాళ్ళు.

రాజుగారి ఆవుల మందకి ఒక పెద్ద ఉండేవాడు. అతనికి అమ్మా నాన్నా పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గాని, అందరూ మందపెద్ద అనే పిలిచేవారు. వెనక నుంచి వచ్చే ఆవు అడుగుల చప్పుడు విని అది ఎన్నో ఈతలో ఉందో చెప్పగలిగేవాడు. ఆవుల మధ్య ఉంటే రోజంతా కబుర్లు చెప్పేవాడు. మనుషుల ముందుకి, అందులోనూ పెద్దమనుషుల ముందుకి వస్తే మాత్రం అతని నాలుక పళ్ళ వెనకాల దాక్కునేది.

ఒకనాడు పొరుగు రాజ్యపు రాణిగారి దగ్గర్నుంచి ఒక రాయబారి వచ్చాడు. రాజు అతనికి తన పక్కనే విస్తరి వేయించి, చివర్లో గడ్డపెరుగు వడ్డించమన్నాడు. రాయబారి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మర్యాదగా మింగి, "చాలా బావుంది మహారాజా. మా దేశంలో దీన్ని మజ్జిగంటాం" అన్నాడు.

రాజుకి ఆ పూట అన్నం సయించలేదు. రాయబారి బండి పొలిమేర దాటకముందే మందపెద్దకి కబురు వెళ్ళింది.

"మన ఆవులు పాలు ఎక్కువ ఇవ్వాలి. ఎప్పటికిస్తాయి?" అన్నాడు రాజు.

"ఆరేళ్ళు పడుతుంది దొరా."

"ఆరేళ్ళా! ఎందుకు?"

మందపెద్ద అంగవస్త్రం కొస నలుపుతూ, నేల చూస్తూ చెప్పాడు. "పెయ్యకి పాలు సగం తల్లి వైపు నుంచీ సగం తండ్రి వైపు నుంచీ వస్తాయి దొరా. తల్లి సంగతి పిండి చూస్తే తెలుస్తుంది. తండ్రిని పిండలేం గదా."

మంత్రులు రాజు వైపు చూశారు. రాజు నవ్వాడు. అప్పుడు వాళ్ళూ నవ్వారు.

"అందుకని ఆబోతు మంచిదో కాదో దాని కూతుళ్ళు ఈనితేగాని తెలీదు. కోడెలు ఎదగాలి. వాటిని ఆవులకి కట్టించాలి. పెయ్యలు పుట్టాలి. అవి పెరిగి చూలు కట్టి ఈనాలి. అప్పుడు ఎవరి కూతుళ్ళు ఎంతిస్తున్నాయో కొలిచి చూసుకుంటే, తండ్రుల్లో ఎవరు గట్టివాడో తేలుతుంది."

"మొహం చూసి చెప్పలేవా?" అన్నాడు రాజు.

"ఇన్నాళ్ళూ మొహం చూసే ఎంచుకున్నాం దొరా" అన్నాడు మందపెద్ద. అతను ఆ మాట అమాయకంగానే అన్నాడు.

రాజుకి మజ్జిగ సంగతి గుర్తొచ్చింది. సరే కానివ్వమన్నాడు.

ఆ వారంలోనే పన్నెండు మంది మంత్రుల ఇళ్ళ నుంచి పన్నెండు కోడెలు దిగాయి. ఒక్కొక్కదాని మూపురం ఒక్కొక్క గుట్ట. ఒకదాని కొమ్ములు రెండు చేతులు చాచినా అందవు. ఇంకొకటి రంకె వేస్తే వంటింట్లో మూతలు గలగలమనేవి. మందపెద్ద వాటన్నిటికీ దండం పెట్టి, పదమూడోదిగా మందలో నుంచి ఒక కురచ కోడెని తెచ్చి కట్టాడు. దానికి నుదుటి మీద వంకర తెల్ల మచ్చ, కుడి చెవి ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. రంకె వేద్దామని మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయేది. దాన్ని అందరూ బొడ్డోడు అన్నారు.

ఆరేళ్ళు గడిచాయి. కూతుళ్ళు ఈనాయి. మందపెద్ద పూటపూటా ప్రతిదాని పాలూ కొలిచాడు. పెద్ద కొమ్ములవాడి కూతుళ్ళకి పెద్ద కొమ్ములే వచ్చాయి, పాలు రాలేదు. రంకెలవాడి కూతుళ్ళు పిండబోతే రంకెలు వేశాయి. బొడ్డోడి కూతుళ్ళు మాత్రం నెమరు వేసుకుంటూ నిలబడి, కుండ నిండినా ఇంకా చేపుతూనే ఉన్నాయి. ఆ రోజు రాజుకి వడ్డించిన పెరుగులో గరిటె నిటారుగా నిలబడింది.

రాజు ఆనందం పట్టలేకపోయాడు. బొడ్డోడిని కొలువుకి పిలిపించి, కొమ్ములకి బంగారు పూత పూయించి, 'క్షీరసాగర చక్రవర్తి' అని బిరుదు ఇచ్చాడు. చక్రవర్తి కొలువులోనే పేడ వేసింది. మంత్రులు శుభం శుభం అన్నారు.

అప్పుడు రాజుకి ఒక ఆలోచన వచ్చింది. "ఇంత గొప్పది దొరికాక మిగతావి ఎందుకు? ఇవాళ్టి నుంచి మన రాజ్యంలో ఆబోతు ఒక్కటే. మిగిలిన ఆబోతులకీ కోడెలకీ, ఇకముందు పుట్టబోయే వాటికీ, అన్నిటికీ విత్తులు నొక్కించి ఎద్దుల్ని చేసెయ్యండి. ప్రతి ఆవూ మన చక్రవర్తికే కట్టాలి. పొలిమేర దాటి ఏ పశువూ లోపలికి రాకూడదు. ఏమంటారు?"

అందులో వాళ్ళ సొంత ఆబోతులు కూడా ఉన్నాయని తెలిసి కూడా పన్నెండు మందీ గంగిరెద్దుల్లా తలలూపారు. "అవును ప్రభూ" అన్నారు.

రాజు మందపెద్ద వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

మందపెద్దకి తెలుసు. ఒక్క తండ్రికే మంద మొత్తాన్ని కట్టిస్తే నాలుగేళ్ళ తర్వాత ఏమవుతుందో, ఆ కొలువులో తెలిసినవాడు అతనొక్కడే. 'వద్దు దొరా' అన్న మాట గొంతు దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే ఎవరో వెనక నుంచి అతని భుజాల మీద శాలువా కప్పారు. పట్టు శాలువా, జరీ అంచు. అతని వంశంలో శాలువా కప్పించుకున్నవాడు అంతకుముందు లేడు. పైగా బొడ్డోడు అతను ఎంచుకున్న ఆబోతు. ఆ క్షణంలో, దాచడం ఎందుకు, అతనికి గర్వంగా ఉంది. తలూపాడు. ఒకసారి ఊపాక మెడ హాయిగా అనిపించింది, ఇంకోసారి ఊపాడు.

ఇంటికి వెళ్ళేసరికి పెళ్ళాం కుడితి కలుపుతోంది. సంగతంతా విని, చెయ్యి కుడితిలో నుంచి తియ్యకుండానే అడిగింది.

"మావా, రేపు ఈ పెయ్యలన్నీ ఎదకొస్తే ఎవరికి కట్టిస్తావు?"

"చూద్దాంలేవే."

"చూసేదేముంది? ఊరు మొత్తానికీ మగోడు ఒక్కడే మిగిలాడు. ఆడు ఆళ్ళ నాన్న."

మందపెద్ద శాలువా తీసి దండెం మీద వేశాడు. 

మొదటి నాలుగేళ్ళూ రాజ్యం పాలలో తేలింది. బొడ్డోడి కూతుళ్ళు ఇంటింటా ఈడుకి వచ్చాయి. వాటన్నిటికీ నుదుటి మీద అదే వంకర మచ్చ, అన్నిటికీ కుడి చెవి వేలాడేది. సాయంత్రం మంద ఊళ్ళోకి వస్తే ఏది ఎవరి ఆవో తెలిసేది కాదు. ఒకావిడ పక్కింటి ఆవుని నెల రోజులు పిండుకుంది. పక్కింటావిడ ఆవిడ ఆవుని పిండుకుంది. తెలిశాక ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు, కొలిచి చూస్తే రెండూ ఒకే కొలతకి ఇచ్చాయి, దాంతో ఊరుకున్నారు.

బొడ్డోడి సంగతే పాపం చెప్పుకోవాలి. తెల్లారేసరికి కొట్టం ముందు ఎదకొచ్చిన ఆవులు బారులు తీరి ఉండేవి. ముసలితనం మీద పడుతోంది, రాజ్యం మొత్తం బరువు అతని మీదే ఉంది. చివరికి ఆవుల్ని తోలుకొచ్చే ఆడవాళ్ళ గాజుల చప్పుడు వినపడితే చాలు, చక్రవర్తి వెళ్ళి గడ్డివాము వెనకాల నక్కేవాడు. తోక మాత్రం బయట కనిపిస్తూ ఉండేది.

తర్వాత ఆ కూతుళ్ళు తమ తండ్రి వల్ల కట్టిన చూళ్ళతో ఈనడం మొదలుపెట్టాయి.

మందపెద్దకి ప్రాణమైన పెయ్య ఒకటి ఉండేది. ఒళ్ళు గోరింటాకు పండిన రంగులో ఉంటుందని దాన్ని గోరింట అనేవాడు. దాని తొలి ఈతకి అతనే దగ్గరుండి దూడని లాగాడు. గోరింట దూడని నాకింది, మూతితో పొడిచి పొడిచి లేపింది. దూడ లేవలేదు. కాళ్ళు నాలుగూ ఉన్నాయి గాని, వాటితో ఏం చెయ్యాలో దానికి తెలియనట్టుంది. మందపెద్ద ముర్రుపాలలో వేలు ముంచి నోట్లో పెట్టాడు. చప్పరించలేదు. మూడు పగళ్ళు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మూడోనాడు సాయంత్రం అది అతని ఒళ్ళోనే చల్లబడిపోయింది. అతను పసిపిల్లాడిలా ఏడ్చాడు. తప్పు ఆవుది కాదు, ఆబోతుది కాదు, తనది అని అతనికి తెలుసు. అందుకే అంత ఏడుపు వచ్చింది.

ఆ ఏడాది ఊరూరా అదే కథ. కొన్ని దూడలు గుడ్డివి పుట్టాయి. కొన్ని పొదుగు ఎక్కడుందో వెతుక్కోలేకపోయాయి. చాలావరకు లేవనే లేదు. దూడ లేకపోతే ఆవు చేపదు, ఎంత పొదుగు ఉన్నా చుక్క రాలదు. జనం ఏం చేస్తారు? చచ్చిన దూడ తోలు వలిచి, అందులో గడ్డి కూరి, కుట్టి, ఆవు ముందు నిలబెట్టారు. ఆవు దాన్ని నాకుతూ కాసిని పాలు విడిచేది. ఆ ఏడాది చివరికి రాజ్యంలో నడిచే దూడలకంటే గడ్డి దూడలు ఎక్కువయ్యాయి.

ఈ సంగతి కొలువులో చర్చకి వచ్చింది. ముఖ్యమంత్రి లేచి, "ఇది మంచిదే ప్రభూ. గడ్డి దూడ పాలు తాగదు. దూడ తాగే పాలు కూడా మనకే మిగులుతాయి" అన్నాడు. పదకొండు మందీ అవునన్నారు.

మందపెద్ద ఆ రోజు గుండె చిక్కబట్టుకుని కొలువుకి వెళ్ళాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు గొణుక్కుంటూ వెళ్ళాడు. రాజు ముందు నిలబడి, "దొరా, ఇంకో ఆబోతు కావాలి. చుట్టరికం లేనిది. పొరుగు రాజ్యం నుంచైనా తెప్పించాలి. ఇక్కడ మిగిలినవన్నీ బొడ్డోడి... చక్రవర్తిగారి కూతుళ్ళే" అన్నాడు.

"అయితే ఏం?" అన్నాడు రాజు. "మా ఇంట్లో ఏడు తరాలుగా మేనరికాలే. మా నాన్న తన మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. నేను మా అక్క కూతుర్ని చేసుకున్నాను. రాజరక్తం గుమ్మం దాటనిచ్చింది లేదు. మాకేమైంది?"

మందపెద్ద తలెత్తి చూశాడు. రాజుకి ఎడమ చెవి వినపడదు. రాజు తమ్ముళ్ళకీ వినపడదు. గోడ మీద బొమ్మల్లో ఉన్న తాతముత్తాతలందరూ ఎడమ చెవి దగ్గర అరచెయ్యి దొప్పలా పెట్టుకునే కూర్చున్నారు. ఆ ఇంట్లో అది రాజలక్షణం. మంత్రులకి రెండు చెవులూ వినపడేవి గాని, మర్యాద కోసం వాళ్ళు కూడా ఎడమ వైపు నుంచి పిలిస్తే పలికేవారు కాదు.

"మాకేమైందో చెప్పు" అన్నాడు రాజు మళ్ళీ.

"ఏమీ కాలేదు దొరా" అన్నాడు మందపెద్ద. తలూపి బయటికి వచ్చేశాడు.

ఇంటికి వచ్చి కొట్టంలో గోరింట పక్కన కూలబడ్డాడు. అతని ముందే గడ్డి దూడ నిలబడి ఉంది. దానికి కళ్ళ స్థానంలో రెండు కుంకుడు గింజలు పెట్టారు. అవి ఒకదానికొకటి దూరంగా చూస్తున్నాయి.

మరుసటి ఏడు వానలకి ముందు, కొండ మీద నుంచి తేనె తెచ్చుకునే ఒక ముసలావిడ అటుగా వచ్చింది. ఆవిడ వెంట ఒక నల్ల ఆవు. ఎముకలు లెక్కపెట్టొచ్చు, నిండు చూలు, దానికి తోడు ముందు కాలు బెణికింది. పశువులు పొలిమేర దాటి రాకూడదన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆవిడ వినే రకం కాదు.

"ఇది ఇంక కొండెక్కలేదు అమ్మీ, నువ్వుంచుకో" అని మందపెద్ద పెళ్ళాం చేతికి పలుపు ఇచ్చి, తేనె తుట్టె ఒకటి కూడా ఇచ్చి వెళ్ళిపోయింది.

వారానికి ఆ ఆవు ఈనింది. మందపెద్ద అలవాటుగా దూడని లేపడానికి వంగాడు. దూడ అతని సాయం కోసం ఆగలేదు. నేల మీద పడ్డ కాసేపటికే వణుకుతూ లేచి నిలబడింది. నిలబడగానే చేసిన మొదటి పని మందపెద్ద మోకాటి మీద తన్నడం. రెండో పని పొదుగు వెతుక్కోవడం.

మందపెద్ద మోకాలు పట్టుకుని నేల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఒసేయ్, ఇటు రావే! చూడు ఎంత బాగా తన్నిందో!" అని అరిచాడు. అతను నవ్వి ఏడాది దాటింది. పెళ్ళాం వచ్చి దూడ వెనక్కి వెళ్ళి తోకెత్తి చూసింది.

"కోడెదూడ మావా" అంది మెల్లిగా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బొడ్డోడితో చుట్టరికం లేని మగదూడ రాజ్యం మొత్తంలో అదొక్కటే. దాన్ని ఎదగనిస్తే మంద బతుకుతుంది. ఏడాది నిండగానే విత్తులు నొక్కాలని రాజుగారి ఆజ్ఞ.

విత్తులు నొక్కే ఉద్యోగి ఒకడు ఉండేవాడు. రెండు కర్రబద్దలు చంకలో పెట్టుకుని ఇంటింటికీ తిరగడం అతని పని. ఈమధ్య మగదూడలు బతికి బట్టకట్టడమే గగనమై అతనికి చేతినిండా పని లేదు. మందపెద్ద కొట్టంలో నల్ల కోడె ఉందని తెలిసి ఉత్సాహంగా వచ్చాడు. దూడకి జ్వరమంది మందపెద్ద పెళ్ళాం. మళ్ళీ వచ్చాడు. అమావాస్య అంది. మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆవిడ తేనె కలిపిన జున్ను పెట్టింది. అతను తృప్తిగా తిని, వచ్చిన పని మర్చిపోయి వెళ్ళాడు, మర్నాడు గుర్తొచ్చి మంత్రులకి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే రాజుగారి పెరుగులో గరిటె పక్కకి ఒరిగింది. కారణమేమిటని రాజు అడిగాడు. మంత్రులకి కారణం దొరికింది. "ఎక్కడిదో కొండదూడ ప్రభూ, ఆజ్ఞ మీరి మందపెద్ద కొట్టంలో ఉంది. దాని దిష్టి తగిలే మన ఆవులు ఎండిపోతున్నాయి" అన్నారు.

"నా ఎదురుగా నొక్కాలి" అన్నాడు రాజు.

మర్నాడు పొద్దున్నే రాజు, గొడుగు, పన్నెండు మంది మంత్రులు, కర్రబద్దల ఉద్యోగి మందపెద్ద పెరట్లోకి దిగారు. అంతకుముందే కొట్టం ఊడ్చి పేడ అంతా ఒక పక్క పోగుపెట్టి ఉంది. దూడని గుంజకి కట్టారు. అది అందరినీ పైనుంచి కిందికి చూసింది.

"దీని గొప్పేమిటి?" అన్నాడు రాజు. "దీని తల్లి ఎంతిస్తుంది?"

"ముంతెడు దొరా" అన్నాడు మందపెద్ద.

"అందమా?"

"లేదు దొరా."

"సాధువా?"

"కాదు దొరా. తంతుంది."

"మరి దీన్నెందుకు ఉంచుకోవాలి?"

మందపెద్ద నేల చూశాడు. శాలువా కప్పిన రోజు తలూపినవాడే, మేనరికాల రోజు తలూపినవాడే. గుమ్మంలో పెళ్ళాం నిలబడి ఉంది. కొట్టంలో గోరింట తన గడ్డి దూడని నాకుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకి నాకి దాని మెడ దగ్గర తోలు బోడి అయిపోయింది.

"ఇది వేరేది దొరా" అన్నాడు. "మన ఆవుల్లో దేనికీ చుట్టం కాదు. దీనిలో ఉన్న గొప్ప అదొక్కటే. ఇంకేమీ లేదు."

"చాలించు" అన్నాడు రాజు. "నొక్కండి."

ఉద్యోగి బద్దలు తీసి ముందుకి వచ్చాడు. మందపెద్ద వెళ్ళి అతనికీ దూడకీ మధ్య నిలబడ్డాడు.   ఈసారి మాట బయటికి వచ్చింది.

"వద్దు దొరా."

 మంత్రుల్లో ఒకాయన ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందా అని చెట్ల వైపు చూశాడు.

"ఏమన్నావు?" అంటూ రాజు నాలుగడుగులు ముందుకి వేశాడు. గొడుగు పట్టేవాడు కూడా నాలుగడుగులు వేశాడు. గొడుగు నీడ మీద పడేసరికి దూడ బెదిరింది. గిర్రున తిరిగి రెండు వెనక కాళ్ళూ ఎత్తి తన్నింది. రాజు గాలిలో ఒక చుట్టు తిరిగి, పేడపోగు మధ్యలో కూర్చున్న భంగిమలో దిగాడు.

పన్నెండు మంది మంత్రులూ ఒకరినొకరు చూసుకున్నారు. రాజు కింద కూర్చుంటే తాము నిలబడి ఉండడం ఏ శాస్త్రంలోనూ లేదు. ముఖ్యమంత్రి పంచె సర్దుకుని పేడలో కూర్చున్నాడు. మిగతా వాళ్ళూ వరసగా కూర్చున్నారు. ఒకాయన కాస్త ఎండిన చోటు చూసుకుని కూర్చుని, అది మర్యాద కాదనిపించి పచ్చి పేడలోకి జరిగాడు. ఉద్యోగి కూడా బద్దలు ఒళ్ళో పెట్టుకుని చతికిలబడ్డాడు. గొడుగు పట్టేవాడు గొడుగుతో సహా కూర్చున్నాడు.

రాజు చుట్టూ చూశాడు. నిలబడి ఉన్నది ముగ్గురే. దూడ, మందపెద్ద, గుమ్మంలో నోట్లో కొంగు కుక్కుకుని ఊగిపోతున్న అతని పెళ్ళాం.

 ఈగ ఒకటి వచ్చి కిరీటం మీద వాలింది.

"నేను ఒక్క ఆబోతు చాలు అన్న రోజున, ఇలా అవుతుందని నీకు తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలుసు దొరా."

"మరి చెప్పలేదేం?"

"ఆ రోజు నేను కూడా వీళ్ళ వరసలోనే కూర్చున్నాను దొరా" అన్నాడు మందపెద్ద. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దూడలు చచ్చిపోయింది నా వల్లే."

రాజు కిరీటం తీసి ఈగని తోలాడు. "ఇందాక అన్న మాట ఇంకోసారి అను."

"వద్దు దొరా."

"మా అమ్మ అనేది ఆ మాట" అన్నాడు రాజు. "ఆవిడ పోయాక ఇదే వినడం." మంత్రుల వైపు తిరిగాడు. "ఏదీ, మీరు కూడా నాకు ఒకసారి వద్దని చెప్పండి."

"చిత్తం ప్రభూ" అన్నారు పన్నెండు మందీ. "వద్దు ప్రభూ" అన్నారు ఒక్క గొంతుతో.

"ఏది వద్దు?"

పన్నెండు మందీ కంగారుగా రాజు మొహంలోకి చూశారు. "తమరు ఏది వద్దంటే అది ప్రభూ" అన్నాడు ముఖ్యమంత్రి.

రాజు నిట్టూర్చాడు. "ఆ దూడని ముట్టకండి. దాని కట్టు విప్పండి" అన్నాడు. ఉద్యోగి కూర్చున్న చోటి నుంచే బద్దలు దూరంగా విసిరేశాడు. మందపెద్ద పలుపు విప్పాడు. దూడ వెళ్ళి గోరింట పక్కన నిలబడింది. గోరింట గడ్డి దూడని వదిలేసి దాని వీపు నాకడం మొదలుపెట్టింది. అది చూసి మందపెద్ద గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"దీనివల్ల మంద బాగుపడడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు రాజు.

"మూడేళ్ళకి పుట్టే దూడలు లేచి నిలబడతాయి దొరా. పాలు మొదట్లో తగ్గుతాయి. తర్వాత నిదానంగా మళ్ళీ ఎంచుకుంటూ పోవాలి. ఈసారి ఒక్కదాన్నే కాకుండా, పొరుగు నుంచైనా తెచ్చి, నాలుగైదింటిని ఉంచుకోవాలి."

"మూడేళ్ళు" అన్నాడు రాజు. వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. అప్పుడు పేడలో బారుగా కూర్చున్న పన్నెండు మందినీ చూపించి, గొంతు తగ్గించి అడిగాడు. "మరి వీళ్ళకో?"

మందపెద్ద వాళ్ళని ఈ చివర నుంచి ఆ చివర దాకా, సంతలో ఎద్దు పళ్ళు పట్టి చూసినంత జాగ్రత్తగా చూశాడు.

"నొక్కినవి మళ్ళీ ఆబోతులు కావు దొరా" అన్నాడు. "వీళ్ళని ఇంక దున్నించుకోవాల్సిందే."

పన్నెండు మందీ అవునని తలలూపారు.